బడిలో పుట్టిన బ్యాండు.. సొంత యాసే దాని బలం

పిట్లం: ఈ ప్రాంతంలో బ్యాండు అంటే పెళ్లి బారాత్‌కు ముందు నడిచే మేళమే. మెడలో పెద్ద డోలు, చేతిలో ఇత్తడి బూర, మెరిసే అంచుల చొక్కా. డి.జె. బాక్సులు వచ్చి ఆ మేళాల గిరాకీని బాగా తగ్గించాయన్నది వేరే కథ.

కాలేజీ కుర్రకారు సెల్‌ఫోన్లలో చూస్తున్న బ్యాండు వేరు. నలుగురైదుగురు స్నేహితులు రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, డ్రమ్ములు పట్టుకుని, పాట తామే రాసి, బాణీ తామే కట్టి, తామే పాడతారు. అది సినిమా పాట కాదు, వెనుక పెద్ద కంపెనీ వుండదు. ఇటువంటి వారిని 'ఇండీ' బ్యాండ్లంటున్నారు. స్వతంత్రం అనే అర్థం వచ్చే 'ఇండిపెండెంట్' అనే మాటకు అది పొట్టి పేరు. పదో తరగతి పరీక్షలు దగ్గర పెట్టుకుని గిటారు కావాలని మారాం చేసే కొడుకును చూసి తల్లిదండ్రులు బెంగపడటం సహజమే. పాట కూడు పెడుతుందా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. అయితే బడిలో చేరువైన కొందరు పిల్లలు దేశం మెచ్చిన బ్యాండుగా ఎలా ఎదిగారో తెలుసుకుంటే, ఆ దారిలో లాభమేమిటో, ముల్లేమిటో కొంత అర్థమవుతుంది.

స్టీలు వూరి పిల్లలు

ఇంగ్లండులో షెఫీల్డ్ అనే పట్టణం వున్నది. పేరు వినకపోయినా దాని పుణ్యం మన ఇంటింటా వుంది. తుప్పు పట్టని స్టీలును 1913లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తయారు చేసింది ఆ వూళ్లోనే. చాకులు, చెంచాలు, ఇనుము, ఉక్కు ఆ పట్టణానికి అన్నం పెట్టాయి. 1980 ప్రాంతాల్లో ఉక్కు ఫ్యాక్టరీలు వరుసగా దెబ్బతిని వేల మంది పని పోగొట్టుకున్నారు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చుట్టుపక్కల వూళ్లు ఎలా బోసిపోయాయో చూసినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పట్టణానికి ఉత్తరపు కొసన హై గ్రీన్ అనే పేట. అక్కడ అలెక్స్ టర్నర్, మాట్ హెల్డర్స్ ఇరుగుపొరుగు పిల్లలు, చిన్న బడి నుంచి జతగాళ్లు. ఇద్దరూ 1986లో పుట్టారు. టర్నర్ తల్లిదండ్రులిద్దరూ టీచర్లు; తల్లి జర్మన్ భాష చెబితే, తండ్రి సంగీతం, భౌతికశాస్త్రం చెప్పేవాడు. స్టాక్స్‌బ్రిడ్జి హైస్కూలులో ఆండీ నికల్సన్ వీరికి స్నేహితుడయ్యాడు. జేమీ కుక్ ఆ పేట కుర్రవాడే.

మన దగ్గర దసరాకు కొత్త బట్టలు తెచ్చినట్లు అక్కడ క్రిస్మస్‌కు పిల్లలకు కానుకలిస్తారు. 2001 క్రిస్మస్‌కు టర్నర్‌కూ కుక్‌కూ చెరొక గిటారు వచ్చింది. వాళ్ల వద్ద మూలధనం అంతే. 2002లో నలుగురూ కలిసి బ్యాండు కట్టారు. మిగతావారు గిటార్లు పట్టుకోగా మిగిలినవి డ్రమ్ములే కనుక హెల్డర్స్ డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. తరువాత ఇంగ్లండులో పేరుమోసిన డ్రమ్ము కళాకారులలో ఒకడు కావడం విశేషం.

బ్యాండుకు 'ఆర్కిటిక్ మంకీస్' అని పేరు పెట్టింది జేమీ కుక్. ఉత్తర ధ్రువపు కోతులు అని అర్థం. ధ్రువ ప్రాంతంలో కోతులుండవు, పేరుకు వెనుక పెద్ద కథా లేదు. మక్క చేను కోతుల పాలై విసిగి వున్న మన రైతులకు ఈ పేరు వింటే ఒళ్లు మండినా ఆశ్చర్యం లేదు.

సాధన టర్నర్ ఇంటి గ్యారేజీలో. కారు పెట్టుకునే కొట్టం అన్నమాట. ఆ చప్పుడును ఇంటివారూ ఇరుగుపొరుగూ భరించారు. ఈ చిన్న సంగతిని చాలామంది పట్టించుకోరు గానీ, బ్యాండు పుట్టాలంటే గిటారు కంటే ముందు కావలసింది చప్పుడును భరించే ఒక ఇల్లు. 2003 జూన్ 13న షెఫీల్డ్‌లోని 'ది గ్రేప్స్' అనే చిన్న పబ్బులో తొలి ప్రదర్శన ఇచ్చారు. మొదట్లో ఇతరుల పాటలు కలిపి వాయించినా, క్రమంగా తమ పాటలే పాడసాగారు.

చేతికందించిన పాటలు

ప్రదర్శనల మీద వచ్చిన కొద్ది డబ్బుతో వూళ్లోనే ఒక చిన్న స్టూడియోలో పాటలు రికార్డు చేయించారు. వాటిని ఖాళీ సి.డి.లలోకి ఎక్కించి, ప్రదర్శన చూడవచ్చిన వారి చేతిలో పెట్టేవారు. అమ్మలేదు, ఊరికే ఇచ్చారు. తీసుకున్నవారు మరొకరికి కాపీ చేసి ఇచ్చారు. ఎవరో వాటిని ఇంటర్నెట్లోకి ఎక్కించారు. అప్పట్లో 'మైస్పేస్' అనే వేదిక వుండేది. అందులో ఈ బ్యాండు పేర పేజీ తెరిచింది కూడా అభిమానులే, బ్యాండు వారికి ఆ సంగతే తెలియదు. అలా తిరిగిన పాటలు సుమారు 17. టర్నర్ పనిచేసే బోర్డ్‌వాక్ అనే ప్రదర్శనశాల పేరు మీదుగా ఆ కట్టకు జనమే ఒక పేరు పెట్టుకున్నారు. ఫలితంగా జరిగిన వింత ఏమంటే, దుకాణంలో ఒక్క రికార్డు కూడా అమ్మకానికి రాకమునుపే, ప్రదర్శనకు వచ్చిన జనం పాటను మొదటి నుంచి చివరిదాకా గొంతు కలిపి పాడేవారు.

2005 మే నెలలో తమ సొంత పేరు మీద రెండు పాటల చిన్న రికార్డు తెచ్చారు. వేసిన సి.డి.లు 500 మాత్రమే. పెద్ద కంపెనీలు వెంటబడ్డాయి. కుర్రవాళ్లు తొందరపడలేదు. పాటలో మాట మార్చమనేవారితో పొత్తు వద్దనుకున్నారు. ఆ జూన్‌లో డొమినో అనే చిన్న స్వతంత్ర సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అక్టోబరులో విడుదలైన వారి పాట బ్రిటన్ అమ్మకాల పట్టికలో నేరుగా మొదటి స్థానానికి చేరింది. 2006 జనవరిలో వచ్చిన తొలి ఆల్బం మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడైంది. ఒక బ్యాండు తొలి ఆల్బం అంత వేగంగా అమ్ముడవడం ఆ దేశంలో అప్పటికి అదే మొదలు. గ్యారేజీ నాటి నుంచి లెక్కవేస్తే నాలుగేళ్లు కూడా నిండలేదు.

వీధి మాటే పాట

ఇంటర్నెట్టే ఈ పిల్లలను పైకి తెచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అది సగం నిజమే. మైస్పేస్‌లో అప్పుడు వేల బ్యాండ్లు వుండేవి, జనం వాటిలో దేనిని గుర్తు పెట్టుకున్నారు? ఈ పాటలు పట్టుకున్నది మాట వల్ల.

షెఫీల్డ్ వుండే యార్క్‌షైర్ ప్రాంతపు ఇంగ్లీషుకు ఒక మోటు యాస వుంది. లండను వారు దానిని ఎగతాళి చేయడం పాత అలవాటు. రాక్ సంగీతం పాడే ఇంగ్లీషు కుర్రవాళ్లు చాలామంది అమెరికా వాళ్లలా నోరు తిప్పేవారు. టర్నర్ అలా చేయలేదు. ఇంట్లో ఎలా మాట్లాడతాడో అలాగే పాడాడు. అలిగి మూతి ముడుచుకున్న వారిని ఆ ప్రాంతంలో 'మార్డీ' అంటారు. ఆ మాటనే పాట పేరులో పెట్టాడు. పాటల్లో వున్నది ఏమిటి? శనివారం రాత్రి టాక్సీ కోసం తోపులాట. లోపలికి రానివ్వని గేటు మనిషి దర్జా. కుర్రవాళ్లను ఆపి ప్రశ్నించే పోలీసు వ్యాను. విన్న ప్రతి కుర్రవాడు 'ఇది మా వీధిలో జరిగిందే' అనుకున్నాడు. ఆల్బం పేరును సైతం ఇంగ్లండు ఫ్యాక్టరీ కార్మికుని జీవితం మీద అలన్ సిల్లిటో 1958లో రాసిన నవల నుంచి తీసుకున్నారు.

తెలంగాణ మాటను సినిమాలో విలన్ నోటా, హాస్యగాని నోటా మాత్రమే వినడం ఒకప్పుడు మనకు అలవాటే. ఆ మాటే 2023లో 'బలగం' సినిమాను నిలబెట్టింది. అందులోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చినట్లు 2025 ఆగస్టులో ప్రకటించారు. యాసతో పాడితే పట్నం వాళ్లు నవ్వుతారన్న భయం షెఫీల్డ్‌లోనూ నిలవలేదు, ఇక్కడా నిలవలేదు.

అదే వూళ్లో మరో బడి కథ

నాలుగేళ్లలో కీర్తి అన్న మాట విని పిల్లలు ఉబ్బిపోకూడదు. అదే షెఫీల్డ్‌లో, ఆర్కిటిక్ మంకీస్ పుట్టకముందు, 1978లో సిటీ స్కూలు అనే బడిలో జార్విస్ కాకర్ అనే 15 ఏళ్ల కుర్రవాడు ఒక బ్యాండు పెట్టాడు. ఆర్థికశాస్త్రం క్లాసులో పత్రికలోని ధరల పట్టిక చూస్తూ, అరబికా అనే కాఫీ గింజల పేరును కాస్త తప్పుగా పలికి, తోక తగిలించి పేరు పెట్టారు. తరువాత అది 'పల్ప్'గా మిగిలింది. 1981లో బి.బి.సి. రేడియోలో పాడే అవకాశం దక్కింది. ఇంకేం, దశ తిరిగినట్లే అనుకున్నారు. తిరగలేదు.

1983లో తొలి ఆల్బం వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నవారు వెళ్లిపోయారు, కొత్తవారు చేరారు. 1985లో కాకర్ ఒక అమ్మాయి మెప్పు కోసం కిటికీ పట్టుకుని వేలాడబోయి కింద పడి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. కొంతకాలం చక్రాల కుర్చీలో కూర్చునే పాడాడు. 1988లో అన్నీ కట్టిపెట్టి సినిమా చదువుకు లండను వెళ్లాడు. అయినా బ్యాండును వదలలేదు. డబ్బున్న ఇంటి అమ్మాయి సరదా కోసం పేదవాళ్ల బతుకు బతికి చూడాలనుకోవడం మీద రాసిన పాట 1995లో దేశమంతా మోగి పట్టికలో రెండో స్థానానికి చేరింది. అప్పటికి బ్యాండు పెట్టి 17 ఏళ్లు. బడి పిల్లవాడు 31 ఏళ్ల వాడయ్యాడు. మరుసటి సంవత్సరం ఆ ఆల్బంకు మెర్క్యురీ అవార్డు దక్కింది. ఆర్కిటిక్ మంకీస్ కూడా 2006లో అదే అవార్డు అందుకున్నారు. వూరు ఒకటే, బహుమతి ఒకటే. ఒకరికి నాలుగేళ్లు, మరొకరికి 18 ఏళ్లు పట్టింది.

కీర్తి వచ్చాక కూడా అన్నీ పూలబాటలు కావు. ఊరూరా తిరిగే అలసట తట్టుకోలేక బేస్ గిటారు వాయించే ఆండీ నికల్సన్ 2006లోనే బ్యాండు వదిలాడు. అతని స్థానంలో నిక్ ఓమాలీ అనే మరో స్నేహితుడు చేరాడు. ఆ నలుగురే 2012 జూలై 27న లండను ఒలింపిక్సు ప్రారంభోత్సవంలో వాయించారు.

టీ పెట్టె, లారీ

వాయిద్యం ఖరీదు గురించి దిగులుపడే వారికి ఇంతకంటే పాత సంగతి ఒకటి వుంది. 1956లో లివర్‌పూల్‌లో క్వారీ బ్యాంక్ అనే హైస్కూలు పిల్లలు జాన్ లెనన్ నాయకత్వాన ఒక బ్యాండు కట్టారు. అందులో తంబుర వంటి మోటు స్వరానికి వాడింది టీ పొడి వచ్చే చెక్కపెట్టె. దానికి ఒక కర్ర, తాడు కట్టి మీటేవారు. తాళానికి బట్టలుతికే గీతల రేకు. 1957 జూలై 6న వూల్టన్ అనే చోట చర్చి ఉత్సవంలో లారీ మీద ఊరేగుతూ పాడారు. మన వినాయక నిమజ్జనం ట్రాక్టరును తలచుకుంటే సరి. ఆ సాయంత్రమే లెనన్‌కు 15 ఏళ్ల పాల్ మెకార్ట్‌నీ పరిచయమయ్యాడు. తరువాత వీరే 1960 నుంచి బీటిల్స్ అయ్యారు. 1968లో మహేశ్ యోగి ఆశ్రమం కోసం రుషీకేశ్ వచ్చి, అక్కడ పాటలెన్నో కట్టుకుపోయింది వీరే.

ఆడపిల్లల బ్యాండు మాట వచ్చేసరికి కథ మారుతుంది. శ్రీనగర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు బాలికలు 'ప్రగాశ్' అనే బ్యాండు పెట్టి, 2012 డిసెంబరులో బ్యాండ్ల పోటీలో పాల్గొని బహుమతి గెలుచుకున్నారు. ఆ పేరుకు వెలుగు అని అర్థం. వెంటనే ఇంటర్నెట్లో తిట్లు, బెదిరింపులు మొదలయ్యాయి. 2013 ఫిబ్రవరిలో అక్కడి ప్రధాన ముఫ్తీ వారి పాటకు వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చారు. ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా బాలికల పక్షాన మాట్లాడినా ఫలితం లేకపోయింది. ముగ్గురూ బ్యాండు మానుకున్నారు. వారిలో ప్రతిభ తక్కువై కాదు, చప్పుడును భరించే ఇల్లు వున్నా వూరు లేకపోయింది. మన పక్క ఫత్వాలు లేకపోవచ్చు. "ఆడపిల్లకు స్టేజీ ఎందుకు" అన్న ఒక్క మాట ఇంట్లో పెద్దలంటే చాలు, అదే పని జరిగిపోతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ పాటనంతా మోసేది ఆడవాళ్లే కావడం గమనార్హం.

తెలుగు గడ్డ మీద

తెలుగులో ఈ దారి పట్టినవారిలో హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బ్యాండు పేరు ముందు చెప్పుకోవాలి. వారిది బడిలో పుట్టిన బృందం కాదు, పట్నంలో కలిసిన యువకులది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల తదితరులు సొంత తెలుగు పాటలు కట్టి యూట్యూబులో పెట్టారు. పట్నం బతుకుతో విసిగిన వాడు వూరి దారి పట్టే 'ఊరెళ్ళిపోతా మామా' పాట పల్లె నుంచి వలస పోయిన కుర్రవాళ్లందరి నోటా ఆడింది. గల్ఫ్‌లో, హైదరాబాదులో పనిచేసే కొడుకులున్న ఇండ్లు ఈ జిల్లాలో ఎన్నో. అటువంటి చోట ఆ పాటకు ప్రచారం చేసి పెట్టవలసిన పనిలేదు. 2020లో కరోనా మీద వారు కట్టిన పాటా అలాగే ఇంటింటా వినబడింది. రామ్ మిరియాల తరువాత సినిమాలకు వెళ్లి 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు. 2022లో 'డి.జె. టిల్లు' పాటతో మరింత పేరు తెచ్చుకున్నాడు. పైన చెప్పిన 'ఊరు పల్లెటూరు' పాటలోని గొంతుల్లో ఒకటి మంగ్లీది, మరొకటి ఇతనిదే.

పాడే పిల్లలకు నిజామాబాదు సీమ కొత్త కాదు. చిందు యక్షగానంలో పేరుపొంది 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ ఈ గడ్డ మనిషే. పసితనంలోనే ఆమె వేషం కట్టింది. అక్కడ బడి, బ్యాండు రెండూ కుటుంబమే. ఇప్పటి పిల్లలకు ఆ కుటుంబ మేళాలు లేవు. బడికి పోతే అక్కడ పాట లేదు. జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో చాలా చోట్ల సంగీతం టీచరు కనిపించడు. ఆగస్టు 15, జనవరి 26 వస్తే స్పీకరులో సినిమా పాట పెట్టి పిల్లలతో డ్యాన్సు వేయించడం పరిపాటి అయింది. ఆ ఒక్క రోజైనా పిల్లలే కట్టిన పాట ఒకటి వినాలని హెడ్మాస్టర్లు పట్టుబడితే ఖర్చయ్యేది ఏమీ లేదు.

వాయిద్యాలు లేవనడానికి వీలులేదు. ఏ వూరి గుడిలో చూసినా భజన మండలి హార్మోనియం, డోలక్కు, తాళాలు వుంటాయి. భజన అయ్యాక మళ్లీ వారం దాకా మూలన కూర్చుంటాయి. డప్పు వాడలో వుంది. మద్నూరు, జుక్కల్ వైపు పోతే మరాఠీ అభంగాలు, కన్నడ మాటలు చెవిన పడతాయి. మూడు భాషల సరిహద్దున వుండే పాట ఎలా వుంటుందో పట్నం బ్యాండ్లకు తెలియదు. ఇక్కడి పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన సొత్తు. రికార్డింగుకు మొదట సెల్‌ఫోను చాలు. షెఫీల్డ్ పిల్లలు సి.డి.లు చేతికిచ్చిన చోట ఇప్పుడు వాట్సాప్ గ్రూపు వుంది.

సంతకం పెట్టే ముందు

పాట నాలుగు నోళ్లలో పడగానే వచ్చేవారు వస్తారు. "మీ పాట మా చానల్లో వేస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అంటారు. చేతిలో కొంత డబ్బు పెడతారు. తరువాత ఆ పాట లక్షల మంది విన్నా, రాసినవానికి పేరు కూడా వుండకపోవచ్చు. తొందరపడకపోవడమే ఆర్కిటిక్ మంకీస్‌కు కలిసివచ్చింది. మన చట్టంలోనూ కొన్ని రక్షణలున్నాయి, తెలిసినవారు తక్కువ.

1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసిన వానికి, బాణీ కట్టిన వానికి ఆ హక్కు పాట పుట్టినప్పుడే వస్తుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. జీవితకాలమంతా, చనిపోయాక మరో 60 సంవత్సరాలు అది వుంటుంది. హక్కును ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్లకో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్లు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. 2012లో చేసిన సవరణ వల్ల, హక్కు అమ్ముకున్నా సరే, రాయల్టీలో సగం వాటా అడిగే హక్కును రచయిత, స్వరకర్త వదులుకున్నామని రాసినా చెల్లదు.

మరొక్క సంగతి బడి పిల్లల తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. పదో తరగతి పిల్లవాని చేత ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయి వుంటే, ఆ కాగితం పట్టుకుని వకీలు వద్దకు వెళ్లడం మంచిది. పాట కట్టిన రోజే నోటుబుక్కులో పూర్తిగా రాసి, కింద తేదీ వేసి, మాట ఎవరిదో, బాణీ ఎవరిదో పేర్లు రాసుకుంటే రేపు స్నేహితుల మధ్య కూడా తగాదా రాదు.